ఏడో డాక్ తాళం

13:25కి నాలుగో డాక్ చేరవలసిన షటిల్ చేరలేదు.

13:30కి టవర్ దాన్ని పిలిచింది. జవాబు లేదు. మళ్ళీ పిలిచింది. లేదు.

13:38కి ఏడో డాక్ పక్క నడవాలో పైపులు బిగిస్తున్న మెకానిక్ చెయ్యి ఆగిపోయింది. గోడ అవతల ఎవరో ఇనుము మీద ఇనుముతో కొడుతున్నారు. మూడు దెబ్బలు. కాసేపు నిశ్శబ్దం. మళ్ళీ మూడు దెబ్బలు.

13:40కి కంట్రోల్ టవర్ తలుపు బయటినుంచి సీలయింది. ప్రమాదం జరిగితే దర్యాప్తు అధికారి సంతకం పెట్టేదాకా లోపలివాళ్ళు లోపలే ఉండాలన్నది సైన్యం నిబంధన.

15:20కి ఇన్‌స్పెక్టర్ వచ్చింది. ఆమె లోపలికి అడుగుపెట్టగానే తలుపు మళ్ళీ మూసుకుంది. గొళ్ళెం పడిన చప్పుడికి ఆమె భుజాలు బిగుసుకున్నాయి. పదిహేడేళ్ళుగా సైనిక పోలీసు ఉద్యోగం చేస్తున్నా మూసిన గదులంటే ఆమెకు పడదు. కక్ష్యలో తిరిగే స్టేషన్‌లో బతుకుతూ మూసిన గదులు పడవంటే చేపకి నీళ్ళు పడవన్నట్టే. అందుకే ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పదు.

గది చిన్నది. మూడు డెస్కులు. ఒక్కో డెస్కు మీద ఒక తెర, ఒక మైకు, కార్డు దూర్చే సందు. ఒక మూల కమాండర్ కూర్చునే అద్దాల క్యాబిన్. గది మధ్యలో నిలువెత్తు ప్యానెల్, దాని మీద పన్నెండు డాకులకి పన్నెండు దీపాలు. పదకొండు పచ్చగా ఉన్నాయి. ఏడోది ఎర్రగా ఉంది. కిటికీ అన్నమాటే లేదు. దాదాపు రెండు గంటలుగా నలుగురు మనుషులు అక్కడే ఊపిరి పీలుస్తూ వదులుతూ ఉండడంతో గాలి బరువెక్కింది.

"షటిల్ ఏడో డాక్‌లో ఉంది," అన్నాడు కమాండర్. మనిషి పొడుగు, మాట పొట్టి. "లోపల నలుగురు. పైలట్, ముగ్గురు టెక్నీషియన్లు. డాక్‌లో గాలి లేదు. షటిల్‌లో ఉన్న గాలి 17:10 దాకా వస్తుంది."

"తలుపు తెరవండి."

"తెరవలేం."

"ఏం?"

"తాళం వేసినవాళ్ళే తీయాలి."

ఈ నిబంధన వెనక ఇద్దరి ప్రాణాలున్నాయి. పూర్వం ఒక అధికారి, లోపల మనుషులు పనిచేస్తున్నారో లేదో చూడకుండా, ఎవరో వేసిన తాళం తానే తీసేశాడు. ఇద్దరు శూన్యంలోకి కొట్టుకుపోయారు. అప్పటినుంచి డాక్‌కి తాళం వేసే కంట్రోలర్ తన సొంత నంబరు నొక్కాలి. ఆరు అంకెలు. అది అతనికి తప్ప ఎవరికీ తెలియదు, ఎక్కడా రాసి ఉండదు. ఏ నంబరుతో పడిన తాళం ఆ నంబరుకే ఊడుతుంది. కమాండర్ కాదు కదా, కమాండర్‌ని కన్నతండ్రి దిగివచ్చినా ఊడదు. మూడుసార్లు తప్పు నొక్కితే పన్నెండు గంటలపాటు బిగుసుకుపోతుంది.

"ఒక ప్రయత్నం అయిపోయింది," అన్నాడు కమాండర్. "ఈవిడ నంబరు నొక్కింది. తెరుచుకోలేదు. ఇంక రెండే మిగిలాయి."

ఈవిడంటే మూడో డెస్కు కంట్రోలర్. టవర్‌లో అందరూ చిన్నక్క అంటారు. వాళ్ళక్క ఇదే డెస్కులో పనిచేసి బదిలీ మీద వెళ్ళిపోయింది. అక్క వెళ్ళినా చెల్లెలికి ఆ పిలుపు మిగిలింది. ముప్పై ఏళ్ళుంటాయి. కళ్ళు ఎర్రబడ్డాయి, వెన్ను మాత్రం వంగలేదు.

"తాళం ఏ డెస్కునుంచి పడింది?"

"మూడో డెస్కు. 13:11:13కి. కార్డు ఈవిడదే."

"పైలట్ ఎవరు?"

కమాండర్ గొంతు సవరించుకున్నాడు. "ఈవిడ భర్త."

"ఇంకా ఉంది మేడమ్," అని రెండో డెస్కునుంచి ఒక గొంతు అందుకుంది. అతని ముద్దుపేరు వసపిట్ట. నిద్రలో కూడా మాట్లాడతాడని అతని గదిలో ఎవరూ పడుకోరు. "నేను చెప్పకూడదు గానీ, నిన్న మెస్‌లో వీళ్ళిద్దరూ పెద్ద గొడవ పడ్డారు. ఆయన ఈ అక్కతో ఒక్క మాటైనా చెప్పకుండా ఇంకో రెండేళ్ళు ఇక్కడే ఉంటానని సంతకం పెట్టేశాడు. అప్పుడు అక్క ఏమందంటే..."

"నేను చెప్తాను," అంది చిన్నక్క. "నిన్నొక గదిలో పెట్టి తాళం వేస్తే తెలుస్తుంది నీకు, అన్నాను. నలభైమంది విన్నారు."

ఇన్‌స్పెక్టర్ ఆమె ముఖంలోకే చూసింది. ఇలాంటి మాట అన్న మర్నాడే అలాగే చేసే తెలివితక్కువ మనిషి కాదు ఈమె. కానీ కోర్టుకి తెలివితేటలతో పనిలేదు. డెస్కు ఆమెది, కార్డు ఆమెది, మాట ఆమెది. గోరుచుట్టు మీద రోకటిపోటులా భర్త ప్రాణం, తన మీద నిందా ఒకేసారి వచ్చి పడ్డాయి.

"తాళం నువ్వే వేశావా?"

"లేదు. 13:10కి నేను బాత్‌రూమ్‌కి లేచాను. 13:13కి వచ్చాను. వచ్చేసరికి ఏడుకి తాళం పడి ఉంది. షటిల్ బయటికి వెళ్ళిపోయిందనే అనుకున్నాను."

"రెండు నిమిషాలు ఆగలేకపోయింది," అన్నాడు కమాండర్.

"పొద్దున ఎన్నింటికి కూర్చున్నావు?"

"ఏడింటికి మేడమ్. మధ్యలో లేవలేదు. మనుషులు తక్కువ."

"ఆరు గంటలు ఆగింది కమాండర్ గారూ," అంది ఇన్‌స్పెక్టర్. "నువ్వు లేచినప్పుడు డెస్కు ఎవరికి అప్పజెప్పావు?"

చిన్నక్క నీళ్ళు నమిలింది. వసపిట్ట సైతం నోరు మూసుకున్నాడు.

"చెప్పు. ఇప్పుడు దాచేది నీ ఉద్యోగం కాదు, నీ మొగుడి ఊపిరి."

"ఇక్కడో అలవాటుంది మేడమ్. లేచేవాళ్ళు డెస్కు మీద వేలి కణుపుతో రెండుసార్లు కొడతారు. ఖాళీగా ఉన్నవాళ్ళు ఒకసారి కొడతారు. అంటే, నువ్వెళ్ళు, నేను చూసుకుంటా అని. నేను కొట్టాను. వెనకనుంచి ఒక దెబ్బ వినిపించింది. తిరిగి చూడలేదు."

"వచ్చేటప్పటికి?"

"కుర్చీ ఖాళీగా ఉంది. ఎవరి చోట వాళ్ళున్నారు."

ఒకరి కార్డు మీద ఇంకొకరు కూర్చోవడం నేరం. శిక్ష ఏడేళ్ళు. జైలు కాదు, ఇదే స్టేషన్‌లో బదిలీ లేని ఏడేళ్ళు. జైలుకీ దీనికీ తేడా ఏమిటంటే జైల్లో కిటికీ ఉంటుందని ఇక్కడివాళ్ళ జోకు. అయినా ఈ అలవాటు లేని టవర్ లేదు. ఆ సంగతి తెలియని కమాండరూ లేడు.

ఇన్‌స్పెక్టర్ గది మధ్యకి వచ్చి నిలబడింది.

"ఆ ఒక్క దెబ్బ కొట్టినవాళ్ళెవరో ఇప్పుడు చెప్పండి. నంబరు నొక్కండి. పొరపాటని రాసుకుంటాను."

ఎవరూ పలకలేదు. తన మొగుడి ప్రాణానికి అడ్డంగా గోడ కట్టినవాళ్ళెవరా అని చిన్నక్క ఒక్కొక్కరి ముఖంలోనూ వెతుక్కుంది.

"సరే," అంది ఇన్‌స్పెక్టర్. "13:10కి ఎవరెక్కడున్నారు?"

"నా క్యాబిన్‌లో," అన్నాడు కమాండర్. "సంతకాలు పెడుతున్నాను."

"చూసినవాళ్ళు?"

"కమాండర్‌ని ఎవరు చూస్తారు?"

"మీకు నంబరుందా?"

"ఉంది. నేనూ ఒకప్పుడు కంట్రోలర్‌నే. ఇవే డాకులు. పదకొండేళ్ళు."

"నువ్వు?"

"నా కుర్చీ చక్రం ఊడింది మేడమ్," అన్నాడు వసపిట్ట. "డెస్కు కింద దూరి బిగిస్తున్నా. ఈ కుర్చీలు మా తాతల కాలంనాటివి, ఎన్నిసార్లు రాసిచ్చినా..."

"దెబ్బ వినపడిందా?"

"నేనే సుత్తితో కొడుతున్నా మేడమ్. ఏం వినపడుతుంది?"

"మీరు?"

ఒకటో డెస్కు మనిషి తల పైకెత్తాడు. నెరిసిన జుట్టు, మెత్తని ముఖం. అతన్ని అందరూ పెద్దాయన అంటారు. పధ్నాలుగేళ్ళు దూరపు సెక్టార్‌లో పనిచేసి ఆరు వారాల కిందట ఇక్కడికి వచ్చాడు. ఇంకో పది రోజుల్లో ఇంటికి వెళ్ళిపోతాడు. దూరపు సెక్టార్ అంటే కాపలా స్థావరం ఉన్న చోటు. అక్కడినుంచి నౌకలకి మాట వెళ్ళి జవాబు తిరిగి రావడానికే ఎనిమిది సెకన్లు పడుతుంది. అంత దూరాన్ని అన్నేళ్ళు భరించినవాడు కనక ఇక్కడ అతనికి గౌరవం. ఏదడిగినా నిదానంగా చెబుతాడు. నిండు కుండ తొణకదని కుర్రకారుకి అతన్నే చూపిస్తారు.

"రిజిస్టరు రాసుకుంటున్నానమ్మా," అన్నాడు. "తలెత్తి చూడలేదు."

"కెమెరా?"

"కంట్రోల్ గదుల్లో కెమెరాలు నిషేధం," అన్నాడు కమాండర్. "యుద్ధ నిబంధన."

"రేడియోలో గొంతు?"

"గొంతులన్నీ ఒకటే."

అదీ యుద్ధ నిబంధనే. ఏ వేళ ఏ కంట్రోలర్ ఉన్నాడో శత్రువు పోల్చుకోకుండా టవర్‌నుంచి వెళ్ళే ప్రతి మాటనీ ఒక యంత్రం ఒకే గొంతుగా మార్చేస్తుంది. మగా ఆడా, ముసలీ పడుచూ తేడా ఉండదు. శత్రువు సంగతేమో గానీ పోలీసులకి మాత్రం చెయ్యి విరిగినట్టే అయింది.

ముగ్గురు మనుషులు. ముగ్గురికీ సాక్ష్యం లేదు. చిన్నక్కతో కలిపితే నలుగురు. అందరి చేతా నంబర్లు నొక్కిద్దామంటే మిగిలినవి రెండే ప్రయత్నాలు, తప్పు చేసినవాడు కావాలనే తప్పు నంబరు నొక్కవచ్చు. ఇన్‌స్పెక్టర్ అందరికీ దూరంగా గోడకి ఆనుకుని నిలబడింది. ఆ గోడ కూడా దగ్గరికి జరుగుతున్నట్టే అనిపించింది.

16:05కి ప్యానెల్ పక్కన ఫోను మోగింది. కమాండర్ తీశాడు. విన్నాడు. పెట్టేశాడు.

"ఏడో డాక్ తలుపు కోస్తున్న కట్టర్లు," అన్నాడు. "మూడు గంటల్లో తలుపు కోసేస్తామన్నారు కదా. లోపల రెండో పొర ఉందట. ఇంకో తొమ్మిది గంటలు పడుతుందంటున్నారు."

చిన్నక్క రెండు చేతులతో నోరు నొక్కుకుంది. వసపిట్ట కుర్చీలో కూలబడ్డాడు. పెద్దాయన కళ్ళు మూసుకున్నాడు. అరవై అయిదు నిమిషాలు మిగిలాయి. ఇప్పటిదాకా ఆ కట్టర్లమీదే అందరూ ఆశ పెట్టుకున్నారని ఇన్‌స్పెక్టర్‌కి అప్పుడే తెలిసింది. తప్పు చేసినవాడు కూడా పెట్టుకునే ఉంటాడు. తాను నోరు విప్పకపోయినా ఎవరూ చావరని సర్దిచెప్పుకుని ఉంటాడు. ఇక ఆ సర్దుబాటుకి వీల్లేదు. అయినా ఎవరూ నోరు విప్పలేదంటే లోపల ఇంకేదో ఊతం ఉంది.

"రికార్డింగ్ వినిపించండి," అంది.

వసపిట్ట మీట నొక్కాడు. టవర్ మాటలన్నీ ఒకే చదునైన గొంతుతో, యంత్రం గొంతుతో, గదిలో పలికాయి. తెర మీద సెకన్లు కదిలాయి.

13:11:02. టవర్: "ఏడో డాక్ ఖాళీ చేశారా?"

13:11:09. టవర్: "ఇంధనం సరిపోతుందా?"

13:11:10. షటిల్: "ఎస్, టవర్."

13:11:13. తాళం.

13:11:18. టవర్: "ఇంధనం సరిపోతుందా?"

ఆ తర్వాత గరగర. తలుపులు మూసుకున్నాక రేడియో అందదు.

"షటిల్ ఏడో డాక్‌లోకి ఎందుకెళ్ళింది?"

"నేనే పంపాను," అంది చిన్నక్క. "యుద్ధనౌక వస్తోంది. దారిలో చిన్న బళ్ళుండకూడదు. 13:05కి పక్కకి తప్పించాను. 13:08కి నౌక దాటిపోయింది. ఇంక బయల్దేరు అని చెప్పి లేచాను. అది బయటికి రాగానే ఏడుకి తాళం వెయ్యాలి."

"జవాబులు ఇంత పొట్టిగా ఎందుకున్నాయి?"

"టవర్ ఏదడిగినా ఎస్ లేదా నో. మూడో మాట ఉండకూడదు."

"ఇందులో చూడ్డానికేముంది?" అన్నాడు కమాండర్. "ఖాళీ చేశారా అని అడిగింది. జవాబు రాలేదు. రాకపోయినా తాళం వేసింది. వెయ్యాలనుకున్న మనిషికి జవాబుతో పనేముంది? మేడమ్, మీరు సంతకం పెట్టండి. ఈవిడ మీద కేసు రాద్దాం. కేసు పడ్డాకైనా అసలు నంబరు చెప్తుంది."

"చెప్పకపోతే?"

కమాండర్ ఏడో దీపం వైపు చూశాడు.

"మళ్ళీ వెయ్యి," అంది ఇన్‌స్పెక్టర్.

నాలుగుసార్లు వేయించుకుంది. అయిదోసారి చివరి వాక్యం దగ్గర చెయ్యెత్తి ఆపింది. ఏదో గొంతులో ముల్లులా అడ్డుపడింది. ఇంధనం సరిపోతుందా అని అడిగితే ఒక్క సెకన్లో ఎస్ అని జవాబు వచ్చింది. వచ్చాక మళ్ళీ అదే ప్రశ్న ఎందుకు?

"కమాండర్ గారూ, మీ క్యాబిన్ కావాలి. ఒక్కొక్కరే రండి. ముందు మీరు."

16:31. అద్దాల తలుపు వేసింది. అయిదడుగుల క్యాబిన్. ఆమె అరచేతులు చెమర్చాయి. వాటిని ప్యాంటుకి తుడుచుకుంది.

"ఒకే ప్రశ్న. షటిల్ ఎస్ అంది కదా. దేనికి?"

"అదేం ప్రశ్న? ఇంధనానికి."

"వెళ్ళండి. తర్వాత."

వసపిట్ట వచ్చాడు.

"ఎస్ అన్నది దేనికి?"

"ఇంధనానికే మేడమ్. అడిగిన వెంటనే అన్నాడుగా."

"ఖాళీ చేశారా అని అడిగితే జవాబు రాలేదు. నువ్వైతే ఎంతసేపు ఆగుతావు?"

"ఆగడమేంటి మేడమ్? ఇక్కడ ఇటు అంటే అటు పలకాలి. రెండు సెకన్లు చూస్తా. పలక్కపోతే మళ్ళీ అడుగుతా. మూడోసారి తిడతా. యంత్రం తిట్లని కూడా మర్యాదగానే పంపిస్తుంది, అదొకటి సుఖం."

"వెళ్ళు."

చిన్నక్క వచ్చింది. నిలబడే చెప్పింది.

"ఇంధనానికి. మేడమ్, ముప్పై అయిదు నిమిషాలే ఉన్నాయి."

"తెలుసు. వెళ్ళు."

పెద్దాయన వచ్చాడు. కూర్చోమంటే కూర్చున్నాడు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నాడు.

"పెద్దాయనా, షటిల్ ఎస్ అంది. దేనికి?"

అతను కాస్త ఆశ్చర్యంగా చూశాడు.

"డాక్ ఖాళీ చేశానని కదమ్మా."

"ఇంధనం సంగతి?"

"దానికి జవాబు రాలేదు. అందుకే కదా మళ్ళీ అడగాల్సి..." అని ఆగాడు. "అడిగినట్టుంది, టేపులో."

ఇన్‌స్పెక్టర్ ఊపిరి వదిలింది. "రండి. బయటికి."

16:39. అందరినీ ప్యానెల్ చుట్టూ నిలబెట్టింది. నాలుగు ముఖాల మీదా ఎర్రదీపం వెలుగు పడింది.

"మనందరం చూసీ చూడనట్టు వదిలేసింది ఒక్కటే. టవర్ ఇంధనం గురించి రెండుసార్లు అడిగింది. మొదటిసారి అడగ్గానే ఎస్ అని వచ్చింది. అయినా మళ్ళీ అడిగింది. ఎందుకు?"

"టేపులో బాగా కనబడ్డానికి," అన్నాడు కమాండర్.

"కాదు. తనకి జవాబు రాలేదనుకుంది కనక. ఇంధనానికి జవాబు రాలేదనుకుంటే వచ్చిన ఎస్‌ని దేనికి వేసుకున్నట్టు? దానికి ముందు ప్రశ్నకి. ఖాళీ చేశారా అన్నదానికి. అందుకే తాళం వేసింది. ఆ కుర్చీలో కూర్చున్న మనిషి కసితో వెయ్యలేదు. జవాబు విన్నాననుకునే వేసింది."

చిన్నక్క ఒక అడుగు ముందుకి వేసింది.

"అలా ఎవరనుకుంటారు మేడమ్?" అన్నాడు వసపిట్ట. "ఇంధనం అడిగిన మరుక్షణంలో వచ్చింది."

"నువ్వనుకోవు. చిన్నక్క అనుకోదు. ఈ డాకుల్లోనే పదకొండేళ్ళు చేసిన కమాండర్ గారూ అనుకోరు. ముగ్గురూ ఇంధనానికే అన్నారు. మీకు అడిగిన వెంటనే జవాబు వచ్చి తీరాలి. కానీ మాట వెళ్ళి రావడానికి ఎనిమిది సెకన్లు పట్టే చోట ఏం చేస్తారు? ఒక ప్రశ్న అడిగి చేతులు కట్టుకుని కూర్చోరు. అది దారిలో ఉండగానే రెండోది అడిగేస్తారు. ఇప్పుడు చెవిలో పడ్డ జవాబు ఇప్పటి ప్రశ్నకి కాదు, ఎనిమిది సెకన్ల కిందటి ప్రశ్నకి. పధ్నాలుగేళ్ళు అలా వింటే చెవే గడియారమైపోతుంది. ఇప్పుడు లెక్క చూడండి. ఖాళీ చేశారా అని అడిగింది రెండో సెకనుకి. ఎస్ అని వచ్చింది పదో సెకనుకి."

ఎవరూ లెక్క చూడనక్కర్లేకపోయింది. మూడు తలలూ ఒకటో డెస్కు వైపు తిరిగాయి.

పెద్దాయన నిలబడే ఉన్నాడు.

"ఎస్ అన్నాడమ్మా. నేను విన్నాను. నా చెవులతో విన్నాను."

"విన్నారు. దేనికన్నాడో తప్పుగా అనుకున్నారు."

"ఖాళీ చేశానని చెప్పి వాడు లోపల ఎందుకున్నాడు? తప్పు వాడిది. వాడు అబద్ధం చెప్తే ఏడేళ్ళు నేనెందుకుండాలి? ఇంతసేపూ అదే అనుకుంటున్నా. కట్టర్లు తెరిచేస్తాయన్నారు. వాడు బయటికొస్తాడు, వాణ్ణే అడుగుతారు, అప్పుడు తెలుస్తుంది అనుకున్నా. ఆ తర్వాత కట్టర్లు కుదరదన్నారు. అప్పటికి రెండున్నర గంటలు నోరు మూసుకుని కూర్చున్నా. ఇంక ఎలా తెరవను?"

"అతను అబద్ధం చెప్పలేదు పెద్దాయనా. మీ మొదటి ప్రశ్నకి అసలు పలకలేదు. ఇంజన్ పనిలో ఉన్నాడేమో, వినలేదేమో. బతికొస్తే చెప్తాడు. ఇంధనం ఉందా అంటే ఉందన్నాడు. అంతే అతను చేసిన నేరం."

పెద్దాయన తెర మీది సెకన్ల వైపు చూశాడు. రెండు. తొమ్మిది. పది. వేలితో గాల్లో ఏదో లెక్క వేసుకున్నాడు. పధ్నాలుగేళ్ళలో ఒక్క నౌకనీ తప్పుదారి పట్టించని మనిషి. ఆ వేలు గాల్లోనే ఆగిపోయింది. ఇంతసేపూ అతను పట్టుకుని వేలాడిన ఊతం అతని కళ్ళముందే తెగిపోయింది. చూస్తున్న ఇన్‌స్పెక్టర్‌కి కోపం రావలసిన చోట జాలి వచ్చింది. ఆ జాలి మీదే ఆమెకు కోపం వచ్చింది.

"పది రోజులమ్మా," అన్నాడు. "నా మనవరాలికి ఆరేళ్ళు. ఇంతవరకూ దాన్ని ఎత్తుకోలేదు. ఎత్తుకునే వయసు కూడా దాటిపోతోంది."

"ఇప్పటిదాకా జరిగింది పొరపాటు. 17:10 దాటితే దాని పేరు హత్య. తేడా మీ వేళ్ళలో ఉంది."

"బాబాయ్," అంది చిన్నక్క. "నంబరు."

ఆమె అరవలేదు. ఏడవలేదు. డెస్కు మీదినుంచి నౌకకి దారి చెప్పే గొంతుతోనే అడిగింది.

పెద్దాయన ప్యానెల్ దగ్గరికి నడిచాడు. నాలుగు అంకెలు నొక్కాడు. అయిదో అంకె మీద వేలు జారబోయింది. చెయ్యి వెనక్కి తీసుకుని చొక్కాకి తుడుచుకున్నాడు. కమాండర్ ఏదో అనబోతే ఇన్‌స్పెక్టర్ కళ్ళతోనే ఆపింది. అయిదోది. ఆరోది.

దీపం ఎర్రగానే ఉంది. ఒక్క క్షణం వసపిట్ట గోడ పట్టుకున్నాడు.

తర్వాత పచ్చబడింది.

16:44. చిన్నక్క అప్పటికే మూడో డెస్కులో కూర్చుని మైకు లాక్కుంది.

"షటిల్, టవర్. అందరూ బతికే ఉన్నారా?"

"ఎస్, టవర్."

జవాబు వెంటనే వచ్చింది. ఎవరి గొంతో పోల్చుకోనక్కర్లేదు. షటిల్ నుంచి వచ్చే మాటని యంత్రం మార్చదు. అది బొంగురుపోయిన, దాహంతో ఎండిపోయిన, ఆమె మొగుడి గొంతే. నిబంధన ప్రకారం ఆమె ఇంకో ప్రశ్న అడగాలి. అడగలేకపోయింది. మైకు గట్టిగా పట్టుకుని తల డెస్కుకి ఆనించేసింది. రెండు సెకన్లు ఆగిన షటిల్ మూడో మాట ఉండకూడదన్న నిబంధన తప్పింది.

"ఏమే, ఉన్నావా?"

"ఎస్," అంది చిన్నక్క. "నాలుగో డాక్‌కి రా."

వసపిట్ట బిగ్గరగా ఏడ్చేశాడు. ఏడుస్తూ కూడా ఏదో మాట్లాడుతూనే ఉన్నాడు. కమాండర్ చేతులు వెనక్కి కట్టుకుని చిన్నక్క వెనక నిలబడ్డాడు. క్షమాపణ చెప్పడం అతనికి అలవాటు లేదు. రెండుసార్లు గొంతు సవరించుకుని ఊరుకున్నాడు.

16:58కి షటిల్ నాలుగో డాక్‌లో ఆగింది. నలుగురూ తమ కాళ్ళ మీదే దిగారు.

అప్పుడు చిన్నక్క లేచి పెద్దాయన దగ్గరికి వచ్చింది. అతను తన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. తలెత్తలేదు.

"పొరపాటు ఎవరికైనా జరుగుతుంది బాబాయ్," అంది. "నాకూ జరుగుతుంది. దానికి నేనేమీ అనను. కానీ ఈ మేడమ్ రాకముందు కమాండర్ గారు నన్ను హంతకురాలన్నప్పుడు మీరు లేచి నాకు మంచినీళ్ళిచ్చారు. గ్లాసు పట్టుకోలేకపోతే మీరే తాగించారు. నా వీపు నిమిరారు. అప్పుడు నంబరు మీ నోట్లోనే ఉంది."

ఆమె జవాబు కోసం ఆగలేదు. కార్డు తీసుకుని తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడింది.

17:06కి ఇన్‌స్పెక్టర్ సంతకం పెట్టింది. సీలు ఊడింది. తలుపు తెరుచుకోగానే నడవాలోని చల్లగాలి లోపలికి వచ్చింది. చిన్నక్క పరుగెత్తింది. వసపిట్ట ఆమె వెనకే. కమాండర్ నెమ్మదిగా, ఎవరివైపూ చూడకుండా. ఇన్‌స్పెక్టర్‌కి కూడా పరుగెత్తాలనే ఉంది. గడప మీద ఆగి వెనక్కి తిరిగింది.

పెద్దాయన ఇంకా కుర్చీలోనే ఉన్నాడు. తలుపు బార్లా తెరిచి ఉంది. అతను దాని వైపు చూస్తున్నాడు గానీ లేవడం లేదు.

"లేవండి పెద్దాయనా. వెళ్ళాలి."

అతను లేచాడు. గడప దాకా వచ్చాడు. నడవాలో కుడివైపు మనుషుల మాటలు, నవ్వులు, ఎవరో ఎవరినో గట్టిగా పిలవడం వినిపిస్తున్నాయి. అటు నాలుగో డాక్. ఎడమవైపు, సైనిక పోలీసు ఆఫీసుకి పోయే నడవా ఖాళీగా ఉంది. జీవితమంతా వేలాది నౌకలకి దారి చెప్పిన మనిషి అక్కడ రెండు వైపులా చూసి నిలబడిపోయాడు.

"నేనెటు వెళ్ళాలమ్మా?" అని అడిగాడు.

"ఎడమవైపు," అంది ఇన్‌స్పెక్టర్.